నిలవడానికిచ్చే మాత్ర

మా అమ్మాయికి కడుపు రాకముందే వచ్చిందని ఆమదాలవలసలో పుకారు పుట్టించింది నేనే. కావాలని చేసింది కాదు, సిగ్గుపడి చేసింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని, పాతికేళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్న మనిషిని, మందుల షాపులో నలుగురి ముందు నిలబడి సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పటికి రెండేళ్ళుగా నాకు నిద్ర లేదు. ముట్లు నిలిచిపోయినప్పుడు పీడా విరగడైంది అనుకున్నాను. ఆగినవి ఊరికే ఆగలేదు, పోతూ పోతూ ఒంట్లో పొయ్యి రాజేసి పోయాయి. ఉన్నట్టుండి గుండెల మీద నుంచి ఆవిరి లేచి మెడ మీదుగా చెవుల దాకా పాకేది. రాత్రికి మూడు నాలుగుసార్లు లేచి తడిసిన జాకెట్టు మార్చుకునేదాన్ని. మా ఆయన గూడ్సు బండి మీద గార్డు. ఆ ఉద్యోగానికి ఈమధ్య ఏదో కొత్త పేరు పెట్టారు కానీ మా ఇంట్లో మాత్రం గార్డే. వారంలో సగం రాత్రులు ఇంట ఉండడు. ఉన్న రాత్రి నేను ఫ్యాను గిర్రున తిప్పితే తలదాకా దుప్పటి కప్పుకుని, నీ ఒంట్లో కమ్మరి కొలిమేటైనా పెట్టినాడేటి అని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది, రెండు రకాలుగానూ.

బడిలో మరీ ఘోరం. ఎనిమిదో తరగతిలో బోర్డు మీద లెక్క రాస్తుంటే చేతిలో సుద్దముక్క చెమటకి తడిసిపోయేది. తడిసిన సుద్ద గీత గీయదు. ఇంకోటి తీసేదాన్ని, అదీ తడిసేది. ఒకరోజు వెనక బెంచీ పిల్ల ఎవరితోనో, టీచరు వానలో తడిసొచ్చినారేటే అంది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. నేను ఆ పిల్లని నిలబెట్టి, పక్క తరగతి వాళ్ళు కూడా తొంగిచూసేంతగా అరిచాను. ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత స్టాఫ్ రూములో నేనూ ఏడ్చాను. అంత చిన్న మాటకి అంత కేక నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు. ఆ రాత్రి మా ఆయనకి చెబితే నవ్వలేదు. మర్నాడు సెలవు పెట్టించి శ్రీకాకుళం తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాడు.

డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నది. ఐదేళ్ళ కిందట నా ఎడమ కాలి నరంలో రక్తం గడ్డ కట్టి ఆస్పత్రిలో పడుకున్నాను. ఆ కాగితాలు చూసి, ఇలాంటి వాటికి మామూలుగా ఇచ్చే ఈస్ట్రోజన్ నాకు వద్దంది. ప్రొజెస్టెరాన్ ఒక్కటే ఇచ్చి మూడు నెలలు చూద్దామంది. చెమటలు కొంత తగ్గొచ్చు, నిద్ర మాత్రం పట్టొచ్చు, అందరికీ ఒకేలా పని చేస్తుందని మాత్రం నేను చెప్పలేను అని ముందే చెప్పింది. పడుకునే ముందే వేసుకోవాలి, వేసుకున్నాక మంచం దిగి తిరగకూడదు, మత్తుగా ఉంటుంది అని రెండుసార్లు చెప్పింది. మత్తు అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాక్కావలసింది అదే.

డాక్టరమ్మ రాసిన చీటీలో నా జబ్బు పేరు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఉంది. అది ఊళ్ళో చూపించడం ఇష్టంలేక, మందు పేరు వేరే కాగితం ముక్క మీద రాసుకుని స్టేషను రోడ్డులోని షాపుకి వెళ్ళాను. ఆ షాపు నడిపేది నా దగ్గర పదో తరగతి చదివినవాడే. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళుంటాయి, పెళ్ళయింది, మా వీధి చివరే ఇల్లు. కాగితం చూసి, గుక్క తిప్పుకోకుండా, షాపంతా వినేటట్టు అడిగాడు.

"టీచర్, ఇది నిలవడానికిచ్చే మాత్ర కదా. ఎవరికి?"

మా వైపు నిలవడం అంటే కడుపు నిలవడం. ఆ మాత్ర అక్కడ అందరికీ తెలిసింది ఆ పనికే. నెల తప్పిన పిల్లకి కడుపు జారిపోకుండా ఇస్తారు. నా వెనక నలుగురున్నారు, అందులో ఒకాయన మా బడిలో చదివే పిల్ల తండ్రి. నాకే అంటే ఏమవుతుంది? యాభై ఏళ్ళు దాటిన టీచరమ్మకి కడుపట అని నవ్వుకుంటారు. కాదు, నాకు ముట్లుడిగాయి, అందుకు అని అంటే? ఆ మాట మగవాళ్ళ మధ్య ఎలా అంటాను. ఆ క్షణంలో నా నోటికి వచ్చింది ఒక్కటే.

"మా అమ్మాయికి," అన్నాను.

వాడు ఎంత సంతోషపడ్డాడో. కవర్లో పెట్టి రెండు చేతులతో అందించాడు.

మా అమ్మాయి విజయనగరంలో ఉంటుంది. అప్పటికి పెళ్ళయి మూడేళ్ళు, పిల్లల్లేరు. అల్లుడు మందుల కంపెనీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. ఇద్దరూ మా డాక్టరమ్మ దగ్గరే చూపించుకుంటున్నారు. ఏ పెళ్ళికి వెళ్ళినా అందరూ దాని మొహం కన్నా ముందు పొట్టకేసి చూస్తారు. అది తెలిసి కూడా ఆ మాట అన్నాను.

నాలుగు రోజుల్లో షాపతని భార్య చింతకాయ పచ్చడి సీసా పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్లా మా అమ్మాయీ ఇంటర్ కలిసి చదివారు. పులుపు తినాలనుంటాది కదా ఆంటీ, విజినారం పంపించండి అంది. సీసా పుచ్చుకున్నాను. కాదని చెప్పడానికి అది రెండో అవకాశం, అదీ వదిలేశాను. సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది.

"అమ్మా, నాకు నెల తప్పిందని ఎవరు సెప్పినారు? మూడేళ్ళూ విశేషం ఏటైనా ఉందా అని అడిగినారు. ఇప్పుడు కంగ్రాట్స్ అంటన్నారు. ఏటని సెప్పను?"

ఎవరో పొరపాటు పడ్డారులే అన్నాను. ఆ పచ్చడి సీసా మూత తియ్యకుండా అటక మీద పెట్టేశాను. ఆ తర్వాత నా మాత్రలు శ్రీకాకుళంలోనే కొనుక్కునేదాన్ని, ఊళ్ళో షాపు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేదాన్ని.

మాత్ర మాత్రం పని చేసింది. సగం పని చేసిందంటే నిజం. మధ్యాహ్నం ఆవిర్లు వస్తూనే ఉన్నాయి, కానీ సుద్దముక్క గీత గీసేది. రాత్రి చెమటలు తగ్గాయి. నిద్ర, అబ్బ, ఆ నిద్ర గురించి ఏం చెప్పను. చిన్నప్పుడు కుప్పనూర్పుల రోజుల్లో కళ్ళంలో గడ్డి మీద పడుకుంటే పట్టేది అలాంటి నిద్ర. ఒకసారి మా ఆయన డ్యూటీ దిగి నాలుగున్నరకి ఇంటికొచ్చి బెల్లు కొట్టి కొట్టి, ఫోన్ చేసి చేసి, చివరికి వరండాలో బల్ల మీద కూర్చుండిపోయాడట. తెల్లారి తలుపు తీస్తే, నీ మీదినుంచి గూడ్సు బండి పోయినా లేవవు అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తున్నందుకు బాధగా ఉంది.

నేనా అబద్ధం ఆడిన ఐదు నెలలకి మా అమ్మాయికి నిజంగానే నెల తప్పింది. డాక్టరమ్మ మూడో నెల నిండేదాకా మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు అంది. అల్లుడికి రాత్రి షిఫ్టులు, అక్కడ చూసేవాళ్ళు లేరు. మా ఇంటికి తీసుకొచ్చేశాను. మొదటి రోజు రాత్రి అన్నం తిన్నాక అది తన మాత్ర తీసింది, నేను నాది తీశాను. రెండూ ఒకటే. ఒకే రంగు, లోపల నూనె కదిలే మెత్తటి మాత్ర. అది నా చేతిలోకి చూసింది, తన చేతిలోకి చూసుకుంది. నేనిక దాచలేక షాపులో జరిగింది చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు నోరు తెరుచుకుని చూసి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు కడుపు రాకుండానే నా మందు ముందే కొనీసావన్నమాట అంది. అటక మీది సీసా దింపించి, పచ్చడి వేసుకుని మళ్ళీ అన్నం తిన్నది.

"ఒకటే మాత్రమ్మా," అంది చెయ్యి కడుక్కుంటూ. "నాకు నిలవడానికి, నీకు నిలిచిపోయినందుకు."

ఆ మాట మా ఇద్దరికీ అలవాటైపోయింది. రోజూ ఒక్క గ్లాసు నీళ్ళతోనే ఇద్దరం వేసుకునేవాళ్ళం. నీది నిలవడానికి అని నేననేదాన్ని, నీది నిలిచిపోయినందుకు అని అదనేది. నా కూతురితో నేను అంత దగ్గరగా ఎప్పుడూ లేను. పెళ్ళికి ముందు దానికీ నాకూ క్షణం పడేది కాదు.

దాని మాత్రలు అయిపోవస్తున్నాయని ఈసారి ధైర్యంగా ఊళ్ళో షాపుకే వెళ్ళాను. మా అమ్మాయికి అని గట్టిగా చెప్పాను, ఇప్పుడది నిజం కదా. కానీ వాడు నవ్వలేదు. గొంతు తగ్గించి, ఈసారి నిలుస్తాది టీచర్, దిగులు పడకండి అన్నాడు. ఒక్క నిమిషం నాకర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆర్నెల్ల కిందట నేను చెప్పిన కడుపు పోయిందనుకున్నాడు వాడు. అసలు రాని బిడ్డని నా నోటితో పుట్టించి, నా నోటితోనే పోగొట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మూడో నెల దాకా కడుపు సంగతి బయట ఎత్తకూడదని మా అత్తగారు నూటొక్కసార్లు చెప్పారు, అప్పటికే ఒకసారి ఎత్తేశానని ఇక నోరు మెదపలేదు. మిగతా దారంతా ఆ "ఈసారి" అన్న మాట చెవిలో పడుతూనే ఉంది.

అమ్మాయికి పదో వారంలో ఒక రోజు నాకు తెల్లారి ఆరింటికి మెలకువొచ్చింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను రాత్రంతా ఒక్కసారి కూడా కదలకుండా నిద్రపోయాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఎంత హాయిగా లేచానో చెప్పాలి, ఎందుకంటే ఆ హాయే నన్ను ఇప్పటికీ వదలడం లేదు. పాలు పొయ్యి మీద పెట్టి అమ్మాయి గదిలోకి చూస్తే మంచం ఖాళీగా ఉంది. పెరటి గుమ్మం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒంటి చుట్టూ నా పాత చీర చుట్టుకుంది. బకెట్లో దుప్పటి నానబెట్టి ఉంది. నీళ్ళ రంగు చూశాను. ఎప్పటినుంచే అని అడిగాను. మూడింటి నుంచి అంది. నన్ను లేపలేదేమే అన్నాను.

"నిద్దరోతన్నావు కదమ్మా," అంది.

ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ స్కానింగ్ చేసి, నా వైపు తిరిగి, మీరు మూడింటికి తెచ్చినా ఇంతే, ఆరింటికి తెచ్చినా ఇంతే, పది వారాల్లో పోయేదాన్ని ఎవరూ ఆపలేరు అంది. నేను అడక్కముందే ఎందుకు చెప్పిందో, నా మొహం అలా ఉందేమో. తర్వాత మా అమ్మాయితో, ఇక ఆ మాత్ర ఆపేయ్ అంది. నాతో, మీరు మాత్రం ఆపకండి అంది. ఒకే మందు గురించి ఒకే బల్ల దగ్గర ఒకే నిమిషంలో రెండు మాటలు. అమ్మాయి తల తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

నేను ఆపేశాను. నా మాత్రలు ఆ వారంలోనే అయిపోయాయి, మళ్ళీ కొనలేదు. ఇంట్లో మిగిలినవి అమ్మాయివి. గూట్లో అలాగే ఉన్నాయి, పారేయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. నాకు మందు మీద కోపం, నా ఒంటి మీద కోపం. చిన్నదానికి పనికిరానిది ముసలిదానికి పనికొచ్చింది. బిడ్డ పోతుంటే తల్లికి కమ్మగా నిద్ర పట్టించే మందు నాకెందుకు? ఇంక చచ్చినా వేసుకోకూడదు అనుకున్నాను. పైకి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వారం తిరిగేసరికి పొయ్యి మళ్ళీ రాజుకుంది. సుద్దముక్కలు మళ్ళీ తడిశాయి. అన్నం మాడ్చాను, పరీక్ష పేపర్లలో మార్కులు తప్పుగా కలిపాను. తెల్లారగట్ల వరండాలో మా ఆయన కూర్చున్న ఆ బల్ల మీదే కూర్చుని పమిట కొంగుతో విసురుకుంటూ ఉండేదాన్ని. ఇరవై రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున అమ్మాయి లేచి వచ్చి పక్కన కూర్చుంది. మందు వేసుకోవట్లేదా అని అడిగింది. అయిపోయాయి అన్నాను. మరి కొనలేదేటి అంది. షాపుకి వెళ్ళబుద్ధి కాలేదు అన్నాను. నావున్నాయి కదా అనబోయి తనే ఆగిపోయింది. పాలవాడు వస్తే లేచి పాలు పోయించుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"నువ్వు పిలిస్తే వినాలే నేను," అన్నాను చివరికి. "ఆ మాత్ర వేసుకుంటే వినబడదు."

అది నా చెయ్యి తీసుకుంది. నా చెయ్యి చెమటతో జిడ్డుగా ఉంది, అయినా వదలలేదు.

"పిలిసినానమ్మా," అంది. "రెండుసార్లు."

నేను దాని మొహం చూడలేకపోయాను.

"తరవాత నీ గదిలోకొచ్చి నిలబడినాను. నోరు తెరుసుకుని సిన్నపిల్లలా పడుకున్నావు. నాకు అప్పటికే తెలిసిపోనాది, ఇంక ఏటీ లేదని. రెండేళ్ళు నిద్దర లేక నువ్వెలా ఉండీదానివో నాకు తెలుసు. ఆ ఒక్క రాత్రైనా ఉండనీ అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. బడిలో పిల్లని తిట్టిన రోజు ఏడ్చినట్టు కాదు, పొట్టలోంచి వచ్చింది. అది ఏడవలేదు. అప్పటికే అయిపోయినట్టుంది దాని ఏడుపు. నా బిడ్డ తన బిడ్డని పోగొట్టుకుంటూ కూడా నా నిద్ర కాపాడింది, నేను దానికి ఏమి కాపాడాను? షాపులో నా పరువు కోసం దాని పేరు వాడుకున్నాను, అంతే.

ఆ రోజు సాయంత్రం తనే చీర కట్టుకుని తయారై వచ్చి, పద అంది. ఎక్కడికే అంటే షాపుకి అంది. శ్రీకాకుళం వెళ్దాంలే అన్నాను. ఇన్నాళ్ళూ శ్రీకాకుళం వెళ్ళింది చాలు అంది. డాక్టరమ్మ రాసిన అసలు చీటీ, నా పేరూ నా వయసూ నా జబ్బూ ఉన్న చీటీ, బీరువాలోంచి తనే తీసుకుంది.

షాపు దగ్గర సాయంత్రం రద్దీ. ఏడెనిమిది మంది ఉన్నారు. అమ్మాయిని చూడగానే షాపతని మొహం వెలిగింది. అందరినీ ఆపి మమ్మల్ని ముందుకి రమ్మన్నాడు. చీటీ విప్పి మందు పేరు చూశాడు గానీ పైన ఉన్న పేరు చూడలేదు. మాత్రలు తీయడానికి వెనక్కి తిరుగుతూ, ఇప్పుడు ఎన్నో నెలమ్మా అని దాన్ని అడిగాడు. మనసులో కల్మషం లేని మనిషి, ప్రేమగానే అడిగాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకే బాబూ అందామనుకున్నాను. అది నన్ను కాస్త వెనక్కి జరిపి తను ముందుకి వచ్చింది.

"నాకు నిలవలేదు," అంది, నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "ఇది మా అమ్మకి. మొదట కొన్నదీ అమ్మకే. ఆవిడకి నిలిచిపోనాది, ఇదేసుకుంటే గాని నిద్దర పట్టదు."

ఎవరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ మగవాళ్ళు ఇద్దరు చూపులు పక్కకి తిప్పుకున్నారు. వాడు చీటీని మళ్ళీ తీసి, పైన పేరు దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం చదివాడు. మాత్రలు కవర్లో వేసి, ఎవరికి అందించాలో తోచక మా ఇద్దరి మధ్యా పట్టుకుని నిలబడ్డాడు. మా అమ్మాయి నన్ను చూపించింది.